బొటనవేలి నొప్పి తగ్గించిన ఘనత ఎవరిది?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై వచ్చి ఇరవై రెండేళ్లయింది, కొళత్తూరులో ఉంటాం. మా వారికి 49 ఏళ్లు, పుదుపేటలో స్పేర్ పార్టుల షాపు. బరువు 86 కిలోలు. బీపీకి మాత్ర వేసుకుంటారు. రెండేళ్లలో మూడుసార్లు కుడికాలి బొటనవేలు వాచి, అర్ధరాత్రి లేచి కూర్చున్నారు. మొదటిసారి వాపు మీద ఉండగానే యూరిక్ యాసిడ్ పరీక్ష చేయిస్తే 6.4 వచ్చింది, నార్మల్ అన్నారు. నెల తర్వాత చూస్తే 8.9. డాక్టరు గౌట్ అని చెప్పి, యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ మాత్ర రాశారు. వేసుకున్న పదో రోజున మళ్లీ వేలు వాచింది. మాత్ర పడలేదు, వేడి చేసిందని మా అత్తగారు మాన్పించేశారు. ఆవిడ ఆముదం వెచ్చచేసి మర్దన చేసి, వావిలాకు కాపడం పెడతారు. వారం పది రోజుల్లో తగ్గుతుంది. పక్కింటావిడ యాపిల్ సిడార్ వెనిగర్ తాగించమంటారు. పోయిన కార్తికంలో అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ నొప్పి ఊసే లేదు, పరీక్షలో 8.1కి దిగింది. సంక్రాంతి దాటాక మళ్లీ మొదలు. పప్పు, పాలకూర, టమాటా, చింతపండు అన్నీ మానేశాం, ఇంకేం వండాలో తోచడం లేదు. మాత్రలు లేకుండా వంటింటి వైద్యంతోనే ఇది పోతుందా? పోదంటే, పాపం తన మోకాళ్ల నొప్పులు కూడా మరిచి కొడుక్కి సేవ చేసే అత్తగారికి నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?
(పేరు వేయవద్దన్న పాఠకురాలు, కొళత్తూరు, చెన్నై)

అమ్మా,

మీరు మాటవరసకు రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మాల వేసుకున్న 41 రోజులూ నొప్పి లేదు, 8.1కి దిగింది అన్నది. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. ఆ 41 రోజులూ మీ వారు మాంసం ముట్టలేదు, చేప ముట్టలేదు, మద్యం జోలికి పోలేదు, వేళకి సాత్వికమైన భోజనం చేశారు. అంతకంటే కఠినమైన పథ్యం ఏ ఇంట్లోనూ ఏడాది పొడవునా సాగదు. అంత నిష్ఠగా ఉన్నా దిగింది ముప్పావు పాయింటు చిల్లర. 8.9 నుంచి 8.1. దిగవలసింది 6 కిందికి.

ముందు నా సంగతి చెప్పాలి. నేను డాక్టర్ని కాను. పెరంబూరులో ముప్పై ఒక్కేళ్లు మెడికల్ షాపు నడిపి, నాలుగేళ్ల కిందట మూసేసినవాణ్ని. కాబట్టి నేను చెప్పేది కౌంటరు ఇవతల నిలబడి చూసింది, చదువుకున్నది. మీ వారికి మాత్ర ఎంత, ఎన్నాళ్లు అన్నది ఆయన్ని చూసిన డాక్టరే చెప్పాలి.

ఈ జబ్బుకు ఒక చిత్రమైన గుణం ఉంది. మందు వేసినా వేయకపోయినా ఒక్కో అటాక్ వారం నుంచి రెండు వారాల్లో దానంతట అదే చల్లారుతుంది. మొదటి రోజు ప్రాణం తీస్తుంది, మూడో రోజుకు కాస్త ఊపిరి పీల్చుకోనిస్తుంది, పదో రోజుకు చెప్పు వేసుకుని షాపుకు పంపిస్తుంది. ఈ పది రోజుల్లో మనిషి ఊరుకోడు కదా. మొదటి రోజు ఆముదం, మూడో రోజు కాపడం, అయిదో రోజు వెనిగర్, ఏడో రోజు ఎవరో చెప్పిన కషాయం. చివరికి నొప్పి పోయిన రోజున చేతిలో ఏ గ్లాసుంటే ఘనతంతా దానిది. కాకి వాలడం, తాటిపండు రాలడం అని మన పెద్దలు ఊరికే అనలేదు. మా షాపుకు వచ్చి 'ఫలానా ఆకుతో నాకు గౌట్ పోయింది' అని చెప్పినవాళ్లలో చాలామంది ఆరేడు నెలలు తిరక్కుండానే మళ్లీ కుంటుతూ వచ్చారు. అప్పుడు ఆకు పేరు ఎత్తేవారు కాదు.

అసలు లోపల జరిగేది వంటింటి భాషలోనే చెప్పుకుందాం. గులాబ్ జామ్ పాకం ముదిరితే మర్నాటికి గిన్నె అంచున పంచదార పలుకులు కడతాయి. పాకం వేడిగా ఉన్నంతసేపూ కరిగే ఉంటుంది, చల్లారిన చోట ముందు పేరుకుంటుంది. రక్తంలో యూరిక్ యాసిడ్ కూడా అంతే. డెసీలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే ఇక కరిగి ఉండలేదు, సూదుల్లాంటి పలుకులై కీళ్లలో దిగుతుంది. ఒంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండేది కాలి చివర, అందుకే ఎక్కువమందికి మొదట బొటనవేలు. ఆ పలుకుల్ని శత్రువనుకుని రక్తంలోని తెల్లకణాలు మీద పడితే అదే అటాక్. నొప్పి తగ్గిందంటే కణాల కోపం చల్లారిందని మాత్రమే అర్థం. పలుకులు గిన్నె అంచున అలాగే ఉన్నాయి. పాకం పలచబడితే, అంటే అంకె 6 కంటే కింద ఉండిపోతే, అవి నెమ్మదిగా కరుగుతాయి. నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు.

మొదటిసారి 6.4 ఎందుకొచ్చిందంటారా? అటాక్ ముదిరి ఉన్నప్పుడు రక్తంలో అంకె తగ్గి కనిపించడం మామూలే. ఆ రోజు నార్మల్ వచ్చినంత మాత్రాన గౌట్ కాదనడానికి లేదు. నొప్పి పూర్తిగా పోయిన రెండు మూడు వారాలకు చేయించిన పరీక్షనే లెక్కలోకి తీసుకోవాలి. మీరు నెల ఆగి చేయించి మంచి పని చేశారు.

మరి పథ్యం ఎందుకు సరిపోదు? యూరిక్ యాసిడ్ ప్యూరిన్లు అనే పదార్థం విరిగితే వస్తుంది. అందులో సుమారు మూడింట రెండు వంతులు మన ఒంట్లో కణాలు పాతబడి విరగడం వల్ల వచ్చేదే. తిండి నుంచి వచ్చేది మిగిలిన ఒక్క వంతు. పైగా గౌట్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి తయారీ ఎక్కువై కాదు, కిడ్నీల నుంచి బయటికి పోయే దారి ఇరుకై పేరుకుంటుంది. డిసెంబరు వానలకు కొళత్తూరు వీధుల్లో నీళ్లు ఎందుకు నిలుస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కాలువ పారకపోతే వాన కాస్త తక్కువ పడ్డా వీధి మునుగుతుంది. ఈ ఇరుకు చాలావరకు పుట్టుకతో వచ్చేది. తిండిబోతుతనానికి శిక్ష అని మీ వారిని ఎవరైనా ఎగతాళి చేస్తే నమ్మకండి.

ఇక వంటింటి సంగతి. మీరు అనవసరంగా పెట్టుకున్న కష్టాలు కొన్ని ఉన్నాయి, ముందు వాటిని దించేద్దాం. పప్పు మానక్కర్లేదు. పాలకూర మానక్కర్లేదు. పప్పులు, పాలకూర, పుట్టగొడుగుల్లో ప్యూరిన్లు ఉన్నమాట నిజమే. కానీ అమెరికాలో 47,150 మంది మగవాళ్లను 12 ఏళ్లు గమనించి 2004లో ప్రకటించిన అధ్యయనంలో, మాంసం, చేపలు ఎక్కువ తిన్నవాళ్లకు గౌట్ పెరిగింది, ప్యూరిన్లున్న కూరగాయలు తిన్నవాళ్లకు పెరగలేదు. పాలు, పెరుగు తీసుకున్నవాళ్లకు తగ్గింది కూడా. చింతపండు మీద కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. 'యాసిడ్' అన్న పేరు వినగానే పులుపంతా శత్రువైపోయింది. చారు పులుపుకూ దీనికీ సంబంధం లేదు, నిక్షేపంగా పెట్టండి. టమాటా తిన్న ప్రతిసారీ వేలు సలుపుతోందని ఆయనకే అనిపిస్తే ఆయన మటుకు మానుకోవచ్చు, ఇంటిల్లిపాదీ మానడం దేనికి?

తగ్గించవలసినవి వేరే ఉన్నాయి. బోటీ, కార్జం, తలకాయ మాంసం పూర్తిగా వద్దు. కాసిమేడు రేవులో దొరికే చేపల్లో నెత్తళ్లు, ఇక్కడ మత్తి అనే సార్డిన్ చేప, రొయ్యలు ఒంట్లో ప్యూరిన్లు బాగా పోస్తాయి. నెల్లూరు మనిషికి చేపల పులుసు లేకుండా బతకమని చెప్పే ధైర్యం నాకు లేదు. వారానికోసారి ఒకటి రెండు చేప ముక్కలు, మరోసారి కాస్త చికెన్, అంతటితో సరిపెట్టండి. మద్యాల్లో బీరు మరీ చెడ్డది, అందులో ఆల్కహాలూ ఉంది, ప్యూరిన్లూ ఉన్నాయి. మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, మాలకు ముందూ వెనకా ఏం నడుస్తుందో ఆయన్నే అడగండి.

ఎవరూ అనుమానించని దొంగ ఇంకొకటుంది, తీపి పానీయం. కూల్ డ్రింకులు, సీసా రసాలు, చక్కెర పాకంతో చేసే నన్నారి సర్బత్. పంచదారలో ఫ్రక్టోజ్ ఉంటుంది. లివర్ దాన్ని అరగదీసేటప్పుడు యూరిక్ యాసిడ్ పుట్టుకొస్తుంది. పుదుపేట ఎండలో రోజుకు రెండు కూల్ డ్రింకులు తాగే మనిషి పాలకూర మానేసి ఏం లాభం? కాఫీకి భయపడక్కర్లేదు. ఫిల్టర్ కాఫీ తాగనివ్వండి, చక్కెర చెంచా తగ్గించండి.

నీళ్ల విషయం కొంచెం నిలదీసి అడగండి. చిన్న షాపుల్లో పనిచేసే మగవాళ్లు నీళ్లు తక్కువ తాగడానికి కారణం బద్ధకం అనుకుంటాం. చాలాచోట్ల అసలు కారణం బాత్రూం లేకపోవడం. గల్లా వదిలి వీధి చివరికి వెళ్లిరావాలి, ఆ కాసేపట్లో బేరం పోతుంది. అందుకని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక సీసాతో నెట్టుకొస్తారు. అగ్ని నక్షత్రం అనే మే నెల మండుటెండల రోజుల్లో చెమటకే అంతకు రెండింతలు పోతుంది. రెండు లీటర్ల సీసా ఇచ్చి పంపి, మధ్యాహ్నం భోజనానికి సగం ఖాళీ కావాలని చెప్పండి. మజ్జిగ కూడా ఆ లెక్కలోకే. మూత్రం లేతగా, ఎండుగడ్డి రంగులో ఉంటే చాలు. గుండె, కిడ్నీ జబ్బులుంటే మాత్రం ఎన్ని నీళ్లో డాక్టర్ని అడిగే తాగాలి.

బరువు తగ్గితే అంకె కొంత దిగుతుంది. కానీ నెలకు కిలో, రెండు కిలోలు. ఉపవాసాలుండి ఒక్కసారిగా తగ్గాలని చూస్తే ఒంట్లో కొవ్వు కరిగి వచ్చే పదార్థాలు కిడ్నీల దగ్గర యూరిక్ యాసిడ్‌కు అడ్డుపడతాయి, అప్పుడు అటాకే ఎదురొస్తుంది.

వెనిగర్ వల్ల గౌట్ తగ్గిందనడానికి ఆధారం లేదు. రోజూ తాగితే పళ్ల మీది పింగాణీ పొర అరిగిపోతుంది. సోడా ఉప్పు నీళ్లు ఇంకా తప్పు, అందులోని సోడియం బీపీ ఉన్నవాళ్లకు పనికిరాదు. నిమ్మరసం పంచదార లేకుండా తాగితే హాని లేదు, నీళ్లు లోపలికి పోవడానికి అదొక వంక. చెర్రీ పళ్లు తింటే అటాకులు తగ్గాయని కొన్ని అధ్యయనాలున్నాయి గానీ, దిగుమతి చెర్రీల ధర చూశారా? బేకరీ కేకు మీద మెరిసే ఎర్ర చెర్రీ చూసి ఆశపడకండి, అది చాలాచోట్ల రంగు వేసి పాకంలో నానబెట్టిన మన వాక్కాయ. తిప్పతీగ కషాయం జోలికి కూడా సొంతంగా పోవద్దు, కరోనా రోజుల్లో అది తాగి లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. పేరు, తయారీదారు లేకుండా పొట్లం కట్టి ఇచ్చే 'వాతం పొడి' అయితే మరీ భయం. ఒక్కపూటలో నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాలి.

ఆకులూ వేళ్లూ అన్నీ దండగ అని నా ఉద్దేశం కాదు. తమిళనాడు రాష్ట్ర పుష్పం ఏదో తెలుసు కదా, ఇక్కడ సెంగాందళ్ అంటారు, మన అగ్నిశిఖ. గౌట్ అటాక్‌కు డాక్టర్లు రాసే కోల్చిసిన్ ఆ మొక్కలో ఉంది. ధారాపురం, ఒడ్డన్‌ఛత్రం వైపు రైతులు గింజల కోసమే పొలాల్లో దీన్ని వేస్తారు. అదే మొక్క దుంప తింటే మనిషి ప్రాణం పోతుంది. మందుకూ విషానికీ మధ్య తేడా కొన్ని మిల్లీగ్రాములే అయినప్పుడు, ఆ కొలత వంటింటి చెంచాకు అందదు.

అటాక్ వచ్చిన రాత్రి ఇంట్లో చేయగలిగింది మాత్రం చాలా ఉంది. ఐసుముక్కలు తువ్వాలులో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు వేలి మీద ఉంచండి. రోజుకు నాలుగైదుసార్లు చేయవచ్చు. కాలు తలగడ మీద ఎత్తి పెట్టాలి. ఆ వేలికి దుప్పటి అంచు తగిలినా అరుస్తారని మీకు తెలుసు కదా. ఆయన షాపు నుంచి ఒక అట్టపెట్టె తెప్పించి, ఒక పక్క కోసి, గూడులా కాలి మీద బోర్లించి దానిపైన దుప్పటి కప్పండి. మా షాపుకు వచ్చే ఒకావిడ చెప్పిన ఉపాయం ఇది, ఇంతకంటే మంచిది నేను వినలేదు. మర్దన వద్దు, వేడి వద్దు. లోపల సూదులు గుచ్చుకుని మండుతున్న చోట నూనె పోసి రుద్దడం, కాపడం పెట్టడం వాపును ఎగదోస్తాయి. వాపుతోపాటు చలిజ్వరం ఉంటే ఐసు పెట్టుకుంటూ ఇంట్లో కూర్చోకండి. కీలులో చీము పట్టినా ఇలాగే ఉంటుంది, అది ఆ రోజే ఆసుపత్రిలో తేలాలి.

అటాక్‌కు ఏ మాత్ర వేసుకోవాలో తర్వాతి విజిట్‌లోనే రాయించుకుని ఇంట్లో ఉంచుకోండి. కోల్చిసిన్ అయితే మొదటి పన్నెండు గంటల్లో వేస్తే పనిచేసినంత బాగా మూడో రోజు వేస్తే పనిచేయదు. ఇంకేం మందులు వాడుతున్నారో డాక్టరుకు ముందే చెప్పాలి, కొన్ని యాంటీబయాటిక్స్‌తో అది పడదు.

నొప్పి మాత్రలు మటుకు సొంతంగా కొనొద్దు. ఇది చెప్పడానికి నాకు ఒక కారణం ఉంది. మా షాపుకు ఒకాయన వచ్చేవాడు. ఎడమకాలికి బూటు, కుడికాలికి హవాయి చెప్పు. ఆ చెప్పు పట్టీ వేలికి తగలకుండా బ్లేడుతో కోసి ఉండేది. 'వలి మాత్తిరై', అంటే నొప్పి మాత్ర, అని రెండు వేళ్లు చూపించేవాడు, రెండు షీట్లన్నమాట. నేను చీటీ అడిగేవాణ్ని కాను, డైక్లోఫెనాక్ షీట్లు కత్తిరించి ఇచ్చేవాణ్ని. నాలుగేళ్లు అలా నడిచింది. అయిదో ఏడు ఆయన కొడుకు చీటీ పట్టుకుని వచ్చాడు, అన్నీ కిడ్నీ మందులు. బీపీ ఉంది, గౌట్‌కు సరైన వైద్యం లేదు, కాబట్టి తప్పంతా ఆ మాత్రలదే అనలేను. నా వాటా లేదని కూడా అనలేను. ఆ తర్వాత చీటీ అడగడం మొదలుపెట్టాను. కొందరు కోపగించుకుని ఎదురుషాపుకు వెళ్లారు.

ఇక మీ అత్తగారు మాన్పించిన మాత్ర. పదో రోజున వేలు వాచింది కాబట్టి పడలేదనుకున్నారు. పాపం ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ మళ్లీ ఆ గులాబ్ జామ్ గిన్నె తలుచుకోండి. పాకం పలచబడగానే అంచున ఉన్న గడ్డ వదులవుతుంది, పలుకులు కదులుతాయి. కదిలిన పలుకుల మీదికి తెల్లకణాలు మళ్లీ దూకుతాయి. అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన తొలి నెలల్లో అటాక్ రావడం మందు పనిచేస్తోందనడానికే గుర్తు. అందుకే సాధారణంగా 100 మిల్లీగ్రాములతోనో, కిడ్నీ బలహీనంగా ఉంటే ఇంకా తక్కువతోనో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, మూడు నుంచి ఆరు నెలలు తోడుగా చిన్న మోతాదు కోల్చిసిన్ ఇస్తారు. మీ వారికి ఆ తోడు మాత్ర రాశారో లేదో, రాస్తే కొన్నారో లేదో పాత చీటీ చూడండి. రెండు రాస్తే ఒకటే కొనుక్కెళ్లేవాళ్లను చాలామందిని చూశాను. మధ్యలో వేలు వాచినా అల్లోప్యూరినాల్ ఆపకూడదు. ఆపవలసిన సందర్భం ఒకటుంది: ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, వాటితో జ్వరం. అరుదు గానీ ప్రమాదం, ముఖ్యంగా మొదటి రెండు మూడు నెలల్లో. దద్దురు కనిపించగానే మాత్ర ఆపి ఆ రోజే డాక్టర్ని కలవాలి.

మళ్లీ వెళ్లినప్పుడు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, షుగర్ పరీక్ష కూడా అడగండి. బీపీ మాత్రల షీటు వెంట తీసుకెళ్లండి. పేరు చివర 'హెచ్' అనో 'సీటీ' అనో ఉంటే అందులో మూత్రం ఎక్కువ చేసే మందు కలిసి ఉండవచ్చు, అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. లోసార్టన్ లాంటి బీపీ మందు దాన్ని కాస్త తగ్గిస్తుంది. మార్చవచ్చా అని డాక్టర్నే అడగాలి, మీరుగా ఆపితే బీపీ ఎగబాకుతుంది. ప్రైవేటు ఖర్చు భారమైతే సెంట్రల్ స్టేషన్ ఎదుటి రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో కీళ్ల జబ్బులకు ప్రత్యేక విభాగమే ఉంది. పొద్దున్నే వెళ్లి లైనులో నిలబడాలి, పాత రిపోర్టులన్నీ ఒక కవర్లో పెట్టుకుని వెళ్లండి.

చివరికి మీ అత్తగారు. ఆవిడతో వాదన పెట్టుకోకండి. 8.9 రిపోర్టు, మాలలోని 8.1 రిపోర్టు పక్కపక్కన పెట్టి, '6 కిందికి రావాలటత్తయ్యా, స్వామి దీక్షలో కూడా ఇంతే దిగింది' అనండి. నెల్లూరు పెద్దావిడ, అంకె కనపడితే లెక్క ఆవిడే వేసుకుంటారు. ఐసు పెట్టే పని, మజ్జిగ సీసా నింపే పని ఆవిడకే అప్పగించండి, కొడుకు సేవ చేతిలోంచి జారిపోలేదని తెలుస్తుంది. వావిలాకు కూడా పారేయొద్దు. మోకాళ్ల నొప్పులున్నాయని రాశారు కదా, ఆ వయసు అరుగుదల నొప్పికి వెచ్చటి కాపడం హాయిగా ఉంటుంది. ఈసారి ఆకు వేడిచేసినప్పుడు ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, మీరే పెట్టండి.